ఇంగ్లండ్ పల్లెలో రైతు, ఇన్ యజమాని అయిన పూర్వీకుడి వివరాలు ఎలా వెతకాలి?

19వ శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెల్లో పొలం చేసుకుంటూనే ఊళ్లో ఇన్ (బాటసారులకు బస, తిండి, మద్యం దొరికే సత్రం) నడిపినవాళ్లు చాలామంది ఉండేవారు. వాళ్ల వంశచరిత్ర వెతికేటప్పుడు చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఒకే మనిషి ఒక కాగితంలో రైతు, ఇంకో కాగితంలో పబ్లికన్ (పబ్ నడిపేవాడు), మరోచోట విక్చువలర్ (తిండి, మద్యం అమ్మేవాడు). ఊళ్లో అదే పేరున్నవాళ్లు ఇంకో ఇద్దరుంటే మరీ టెన్షన్. అందుకే పేరుతో పాటు ఆయన నడిపిన ఇన్‌ని, సాగు చేసిన పొలాన్ని కూడా పట్టుకుని వెతకండి.

మొదట 1851 జనాభా లెక్కలు చూడండి. ఇంటిపెద్దకు ఎవరు ఏమవుతారో, ఎవరు ఏ పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ఊరు) పుట్టారో అందులో ఉంటుంది. రైతైతే ఎన్ని ఎకరాలు, ఎంతమంది కూలీలు అన్నది కూడా చాలాచోట్ల రాశారు. తర్వాతే 1841కి వెళ్లండి. అందులో బంధుత్వాలు ఉండవు, 15 ఏళ్లు దాటినవాళ్ల వయసును ఐదేళ్ల లెక్కకు తగ్గించి రాశారు. 44 ఏళ్లాయన 40గా కనిపిస్తే కంగారు పడకండి.

తర్వాత పుట్టుకలు. ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. అంతకు ముందువాటికి చర్చి పారిష్ రిజిస్టర్లే దిక్కు. 1813 నుంచి బాప్తిస్మం నమోదుకు అచ్చు ఫారాలు వచ్చాయి, వాటిలో తండ్రి వృత్తి కూడా రాసేవారు. అందువల్ల మీ పూర్వీకుడి ఒక్కడిదే కాకుండా, ఆయన పిల్లలందరి నమోదులూ వరసగా చూడండి. ఇద్దరు పిల్లల దగ్గర రైతని, మూడో బిడ్డ దగ్గర ఇన్‌కీపర్ అని ఉంటే, ఆ మధ్యలోనే ఇన్ చేతికొచ్చి ఉంటుంది.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది టైథ్ మ్యాప్. చర్చికి పంటలో పదోవంతుగా ఇచ్చే టైథ్‌ను డబ్బు రూపంలోకి మార్చడానికి 1836లో చట్టం చేసి, ఊరూరా పటాలు గీశారు. పటంతో పాటు ఉండే పట్టిక మన అడంగల్ లాంటిది. ప్రతి నంబరుకూ యజమాని ఎవరు, అనుభవిస్తున్నది ఎవరు, పొలం పేరేంటి, దున్నే నేలా పచ్చికబయలా, విస్తీర్ణమెంత అన్నీ ఉంటాయి. ఇన్, దాని చుట్టుపక్కల పొలాలు ఒకే పేరు మీద ఉంటే రైతూ ఇన్‌కీపరూ ఒక్కరేనని చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టే. ఆయన సొంతదారా, కౌలుదారా అన్నది కూడా తేలిపోతుంది. ఈ పటాలు లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డ్ ఆఫీసుల్లో దొరుకుతాయి. అయితే టైథ్ ముందే రద్దయిన ఊళ్లకు పటం ఉండకపోవచ్చు.

ఇన్ లైసెన్సుల కోసం కౌంటీ రికార్డ్ ఆఫీసులో క్వార్టర్ సెషన్స్ (మూడు నెలలకోసారి కూర్చునే మేజిస్ట్రేట్ల కోర్టు) కాగితాలు అడగండి. 1828 దాకా అవి బాగా ఉపయోగపడతాయి. 1830 బీర్‌హౌస్ చట్టం వచ్చాక రెండు గినీలు (రెండు పౌన్లకు కాస్త ఎక్కువ) కట్టినవాళ్లు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండానే బీరు అమ్ముకోగలిగారు. 1869 దాకా ఇదే పద్ధతి. కాబట్టి ఆ కాలపు మేజిస్ట్రేట్ జాబితాలో పేరు లేదని ఆశ వదులుకోవద్దు, ఊరూరా వ్యాపారుల పేర్లు అచ్చువేసిన కెల్లీ, పిగాట్, వైట్ డైరెక్టరీలు తిరగేయండి. లెస్టర్ విశ్వవిద్యాలయం వాటిలో చాలావాటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. భర్త పోయాక భార్యే ఇన్ నడిపిన సందర్భాలు ఎన్నో, ఆమె పేరుతో కూడా వెతకండి.

వీలునామాలకు 1858 జనవరి 12 హద్దు. అంతకు ముందువి చర్చి కోర్టుల్లో, తర్వాతవి జాతీయ ప్రొబేట్ క్యాలెండర్‌లో (కోర్టు ధ్రువీకరించిన వీలునామాల సూచిక) ఉంటాయి. పాత పత్రికల్లో లైసెన్సు బదిలీలు, పశువుల వేలం ప్రకటనలు చూడండి. అనుమానాస్పద మరణాల మీద విచారణలు తరచూ ఇన్‌లలోనే జరిగేవి, ఆ వార్తల్లోనూ ఇన్ యజమాని పేరు తగలొచ్చు.

1870ల తర్వాత అమెరికా నుంచి చవక ధాన్యం దిగి ఇంగ్లండ్ వ్యవసాయం దెబ్బతింది. ఆ రోజుల్లో కొడుకెవరైనా జనాభా లెక్కల్లోంచి మాయమైతే, సైన్యంలోనో రైల్వేలోనో చేరి మన వైపు వచ్చాడేమో చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.