మాణిక్యవేలు మాన్షన్‌కి బొమ్మలు చూడ్డానికి వెళ్తున్నారా, అయితే ఇలా వెళ్ళండి

బెంగళూరులో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వీకెండ్ వచ్చిందంటే మాల్, లేదంటే నంది హిల్స్, అదీ కాకపోతే ఇస్కాన్, వీటి మధ్యే తిరుగుతుంటారు. ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్ అనే పాత బంగళాలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఉందని చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళు కూడా "ఆ మోడరన్ ఆర్ట్ మనకేం అర్థమవుద్దిలే" అని వదిలేస్తారు. అలా అన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే అక్కడ అర్థం చేసుకోవడం కంటే ముందు చూడ్డం అనే పని ఒకటుంది, దానికి చదువు అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు.

ముందు వెళ్ళే సంగతి. సోమవారం సెలవు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. మనవాళ్ళకి టికెట్ 20 రూపాయలు. మెట్రోలో అయితే పర్పుల్ లైన్‌లో విధానసౌధ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కేయండి, అనంతపురం, హిందూపురం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళకి ఆ బండి కంటోన్మెంట్‌లో ఆగితే అక్కడే దిగడం మంచిది, మెజెస్టిక్ దాకా పోయి మళ్ళీ వెనక్కి రావక్కర్లేదు. ఆటో అన్నకి మ్యూజియం పేరు చెప్తే తెలీకపోవచ్చు, మౌంట్ కార్మెల్ కాలేజ్ అని చెప్పండి, టక్కున తీసుకెళ్తాడు. మీకు కన్నడ రాకపోయినా పర్లేదు, బెంగళూరు ఆటోవాళ్ళలో చాలామందికి తెలుగు వచ్చు.

లోపలికి వెళ్ళగానే టికెట్ తీసుకుని నేరుగా బొమ్మల మీద పడకండి. ముందు బిల్డింగ్ చుట్టూ ఒక రౌండ్ వేయండి. మూడున్నర ఎకరాల స్థలం, పెద్ద పెద్ద చెట్లు, నీళ్ళ కొలను, ఆరుబయట శిల్పాలు, ఎదురుగా పాత బంగళా. అది మైసూరు యువరాజుగారిది, ఆయన దగ్గర మాణిక్యవేలు మొదలియార్ కొన్నారు, ఈయనేమో డబ్బున్న ఇంట్లో పుట్టినాయన కాదు, మాంగనీస్, క్రోమ్ గనులు లీజుకి తీసుకుని పైకొచ్చినాయన, అందుకే ఇప్పటికీ ఆ ఇంటికి ఆయన పేరే. తర్వాత అది ప్రభుత్వం చేతికి వచ్చి, 2000లో సాంస్కృతిక శాఖకి లీజుకిచ్చి, రిపేర్లు చేయించి, 2009 ఫిబ్రవరిలో గ్యాలరీగా తెరిచారు. ఢిల్లీలో జైపూర్ హౌస్, ముంబైలో కోవాస్‌జీ జహంగీర్ హాల్ తర్వాత ఈ నేషనల్ గ్యాలరీల్లో ఇది మూడోది, మూడూ పాత కట్టడాల్లోనే పెట్టారు చూడండి.

చుట్టూ తిరగమని ఎందుకు చెప్తున్నానంటే, పాత ఇల్లు ఒకటి, దానికి కలిపి కట్టిన కొత్త గ్యాలరీ బ్లాక్ ఒకటి, ఈ రెండింటి తేడా బయట నుంచి చూస్తేనే తెలుస్తుంది. ఇల్లు అన్నాక కిటికీలుంటాయి, కిటికీలుంటే ఎండ పడుద్ది, ఎండ పడితే రంగు వెలిసిపోతుంది, పైగా గోడ నిండా కిటికీలూ తలుపులే ఉంటే పెద్ద పెద్ద కాన్వాసులు ఎక్కడ తగిలిస్తారు, పాత గోడల్ని ఇష్టమొచ్చినట్టు పగలగొట్టడానికీ లేదు కదా. అందుకని పెద్ద హాళ్ళు విడిగా కట్టుకున్నారు. నాకైతే పాత ఇంటి గదులే ఇష్టం, మనుషులు కూర్చుని మాట్లాడుకున్న గదుల్లో చిన్న బొమ్మ చూస్తుంటే ఆ ఇంటాయన పిలిచి చూపిస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి ముందు ఇల్లు, మధ్యలో చెట్ల కింద కాసేపు కూర్చోండి, ఆ తర్వాత కొత్త బ్లాక్.

కొన్ని గదుల్లో లైట్ తక్కువగా ఉంటే కరెంటు పొదుపు చేస్తున్నారు అనుకోకండి. కాగితం మీద వేసిన నీటిరంగు బొమ్మలకి మ్యూజియంలలో మామూలుగా 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దాకానే వెలుతురు ఇస్తారు, ఆయిల్ పెయింటింగులు అయితే 200 దాకా తట్టుకుంటాయి. వెలుతురు వల్ల జరిగిన నష్టం మళ్ళీ పూడదు, రోజూ కొంచెం కొంచెం కలుస్తూనే పోతుంది. అందుకే ఫ్లాష్ కొట్టొద్దంటారు. లోపలికి వెళ్ళి రెండు నిమిషాలు ఆగితే కళ్ళు అలవాటు పడతాయి, అప్పుడు చూడండి.

ఇక అసలు చూడ్డం. అన్నీ చూడాలని పరుగులు పెడితే ఏదీ గుర్తుండదు, ఒక్కో గదిలో ఒక్క బొమ్మ పట్టుకోండి, మీ కాళ్ళు ఎక్కడ ఆగితే అదే. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరికెళ్ళి (ముట్టుకోకుండా), ఆ తర్వాత పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. ఆయిల్ అయితే రంగు ఎక్కడ మందంగా ఎత్తారో గీతలు గీతలుగా కనిపిస్తుంది. బెంగాల్ స్కూల్ అనే పాత కలకత్తా చిత్రకారుల బృందం వాళ్ళ వాష్ బొమ్మలు అయితే దీనికి పూర్తిగా రివర్స్, రంగు వేసి నీళ్ళతో తడిపి, ఆరాక మళ్ళీ వేసి, అలా పొరలు పొరలుగా చేస్తారు కాబట్టి అంచులు పొగమంచులో ఉన్నట్టు మెత్తగా ఉంటాయి, బ్రష్ గుర్తు దొరకదు. లేబుల్ చివర్లో చదవండి, అందులోనూ పేరు కంటే మీడియం, అంటే దేంతో, దేనిమీద వేశారో చెప్పే లైను ముఖ్యం.

ఎచింగ్ అని రాసుంటే మాత్రం అస్సలు వదలొద్దు. లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసిన చోటే యాసిడ్ రేకుని తినేస్తుంది, ఆ గాట్లలో ఇంకు నింపి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో నొక్కుతారు. కాగితాన్ని పక్క నుంచి చూడండి, బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న పల్లం సన్నగా కనిపిస్తుంది. కింద పెన్సిల్‌తో 3/10 లాంటి అంకె ఉంటే పది కాపీల్లో అది మూడోదని. మెదక్ దగ్గర నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారిది ఈ పనిలో పెద్ద చెయ్యి. డిస్‌ప్లే మారుతూ ఉంటుంది, ఆయనవి ఆ రోజు ఉన్నాయేమో రిసెప్షన్‌లో అడగండి. అలాగే కె.హెచ్. ఆరా అనే పేరు కనిపిస్తే ఆగండి. బొల్లారంలో పుట్టి, చిన్నప్పుడే బొంబాయి పోయి, ఇళ్ళలో పని చేస్తూ, కార్లు తుడుస్తూ బొమ్మలు నేర్చుకున్నాయన, 1947లో చిత్రకారులు సూజా, రజా, హుస్సేన్‌లతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టినవాళ్ళలో ఒకరు. ఆయన పువ్వుల కుండీ బొమ్మల ముందు నాకు ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

అమ్మా నాన్నలని తీసుకెళ్తే మీరు వివరించడం మొదలెట్టకండి, "అమ్మా ఈమె ఎందుకు అలా కూర్చుంది" అని అడగండి చాలు, బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ బొమ్మల కళ్ళ గురించి వాళ్ళే మనకి చెప్తారు. పిల్లలకి మాత్రం గంటకి మించి వద్దు, చెట్ల కిందకి వదిలేయండి. పెద్ద బ్యాగులు ఇంట్లోనే పెట్టి వెళ్తే హాయి.

బయటికొచ్చాక ఓపిక ఉంటే కుమారకృపా రోడ్డులో చిత్రకళా పరిషత్ దగ్గరే. రష్యా నుంచి వచ్చిన తండ్రీకొడుకులు రోరిక్‌ల హిమాలయాల బొమ్మలు ఉన్నాయి, వాటితోపాటు కర్ణాటక తోలుబొమ్మలు కూడా ఉన్నాయి, వాళ్ళు తొగలు గొంబె అంటారు, మన వైపు తోలుబొమ్మలాట చూసినవాళ్ళు వాటి ముందు నిలబడి పోల్చుకోవచ్చు, రంగులు ఎలా అద్దారో, చిల్లులు ఎక్కడెక్కడ పొడిచారో.