ఇక్కడ "సే" అనాలా, "నమ" అనాలా? ఒక జపనీస్ అక్షరంతో వచ్చే చిక్కులు, విడదీసే దారులు

ఆ అక్షరం 生. జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునే 80 కాంజీల్లో (చైనా నుంచి వచ్చిన బొమ్మ అక్షరాల్లో) ఇదొకటి. ఎడమపక్క చిన్న వాలుగీత, మూడు అడ్డగీతలు, ఒక నిలువుగీత. మొత్తం ఐదే. నేలలోంచి పైకొచ్చిన మొలక బొమ్మ కాలక్రమంలో ఇలా మారింది. రాయడం నిమిషం పని. చదవడమే గండం: రోజువారీ వాడుక కాంజీల అధికారిక జాబితా "జోయో"లోనే దీనికి 12 ఉచ్చారణలున్నాయి.

సమస్య: "సెన్సే" (గురువు)లో ఇది "సే". మిగతా చోట్ల "సే" అంటే తప్పంటున్నారు.

కారణం: "సే", "షో" చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలు. ఎక్కువగా మరో కాంజీతో జతకట్టినప్పుడే పలుకుతాయి. మిగతావి జపాన్ సొంత మాటలు, చాలావాటికి వెనక హిరగానా (పలికినట్టే రాసే జపనీస్ లిపి) తోక ఉంటుంది.

పరిష్కారం: ముందు తోక చూడండి. "కిరు" ఉంటే ఇకిరు, బతకడం. "మరేరు" ఉంటే ఉమరేరు, పుట్టడం. "ఎరు" ఉంటే హఎరు, మొలవడం. గడ్డి మొలిచినా, పాపాయికి పళ్లు వచ్చినా ఇదే మాట. తోక లేకుండా పక్కన కాంజీ ఉంటే మొదట "సే" అని చూడండి: గకుసే (విద్యార్థి), జిన్‌సే (జీవితం). కుదరకపోతే "షో": ఇష్షో (జీవితాంతం). పుట్టినరోజు దగ్గర అదే కాస్త మెత్తబడి తంజోబి అవుతుంది.

సమస్య: బీరు మెనూ మీదా, చెత్తబుట్ట మీదా, టీవీ తెర మూలనా ఇదే అక్షరం. "జీవితం" అనుకుంటే ఎక్కడా అతకడం లేదు.

కారణం: అక్కడ అది "నమ". నిఘంటువు "వండనిది" అని చెప్పి ఊరుకుంటుంది, చిక్కంతా అక్కడే.

పరిష్కారం: మన "పచ్చి"ని గుర్తు తెచ్చుకోండి. పచ్చి గుడ్డు, పచ్చి పుండు, పచ్చి అబద్ధం అంటే మనకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు కదా. నమ నడకా అలాంటిదే. నమతమాగో పచ్చి గుడ్డు. (అక్కడ గుడ్ల పెట్టె మీది తేదీ పచ్చిగా తినడానికి గడువు, దాటితే ఉడికించి తినాలి.) నమబీరు వేడితో శుద్ధి చేయనిది, అందుకే డబ్బా మీద కూడా ఈ అక్షరం ఉంటుంది. బార్‌లో కూర్చోగానే "తొరిఅఎజు నమ" అన్నారంటే ముందో డ్రాఫ్ట్ బీరు తెమ్మని. నమహోసో లైవ్ ప్రసారం. నమగోమి వంటింటి తడి చెత్త. మనిషిని నమఇకి అంటే ఇంకా పచ్చి పోకముందే పెద్దరికం వెలగబెడుతున్నాడని, అంటే పొగరని.

సమస్య: 生物. అవే రెండు కాంజీలు, రెండు రకాలుగా చదువుతున్నారు.

కారణం: రెండూ సరైనవే. పాఠ్యపుస్తకం అట్ట మీద సేబుత్సు, జీవశాస్త్రం. పార్సిల్ మీద నమమోనో, త్వరగా పాడయ్యే పచ్చి సరుకు.

పరిష్కారం: అక్షరాన్ని వదిలి చోటు చూడండి. సోయా సాస్ దగ్గర మాత్రం చోటు చూసినా తేలదు. నమజోయు అంటే వేడి చేయనిది, కిజోయు అంటే ఏమీ కలపనిది. సీసా మీద ఉచ్చారణ చెప్పే చిన్న అక్షరాలు, అంటే ఫురిగానా, ఉన్నాయేమో వెతకాలి.

సమస్య: షిబఫు, యయోయి, ఐనికు. వీటిలోనూ ఇదే అక్షరం, పైన చెప్పిన ఉచ్చారణలేవీ కుదరవు.

పచ్చిక, పాత పంచాంగంలో మూడో నెల, "పాపం, కుదరలేదండీ". ఇవి ఏ సూత్రానికీ లొంగవు. మాట మొత్తంగా బట్టీ పట్టాల్సిందే. మనుషుల పేర్లలో కనిపిస్తే ఊహించకండి. ఎలా చదవాలని జపనీయులే ఒకరినొకరు అడుగుతారు, దరఖాస్తుల్లో పేరు పైన ఉచ్చారణకు వేరే గడి ఉండేదీ అందుకే.