విండోస్‌ను చెరపకుండా డెబియన్ 13 ఇన్‌స్టాల్ చేసుకునే విధానం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11కు నోచుకోని కంప్యూటర్లు ఎన్నో ఇళ్లలో మిగిలిపోయాయి. అలాంటి కంప్యూటర్‌లోనైనా, విండోస్ 11తో కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లోనైనా, ఉన్న విండోస్‌ను కదపకుండా దాని పక్కనే లైనక్స్ ఆధారిత ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ 13ను ఎలా పెట్టుకోవాలో ఇక్కడ వివరిస్తాను. ట్రిక్సీ అనే పేరుతో 2025 ఆగస్టు 9న విడుదలైన ఈ వెర్షన్‌కు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆ తరువాత మరో రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు ఉంటాయి. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో చాలావాటికి అది ముందుగా చూపించే జవాబునే ఒప్పుకుంటే సరిపోతుంది గాని, డిస్కును పంచే తెర దగ్గర మాత్రం ఆ అలవాటు పనికిరాదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగాన్ని ఆ తెరకూ, దానికి ముందు చేసుకోవలసిన సన్నాహాలకూ కేటాయించాను.

విండోస్‌లో ఉండగానే చేయవలసినవి

ముఖ్యమైన ఫైళ్లను వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవడం మొదటి పని. ఇది చాలామందికి తెలిసిందే. అంతగా తెలియనిది, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలోకి మార్చే, బిట్‌లాకర్ సంగతి. విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది కాబట్టి, తాము ఎన్నడూ దాన్ని ఆన్ చేయలేదని నమ్మేవారి కంప్యూటర్లలో కూడా అది పనిచేస్తూ ఉండవచ్చు. బూట్ అయ్యే తీరులో మార్పు కనబడితే టీపీఎం చిప్ తాళాన్ని ఇవ్వదు. అప్పుడు నీలిరంగు తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో దొరుకుతుంది. దాన్ని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ కంప్యూటర్‌లోనే ఫైలుగా దాచుకుంటే అవసరమైన వేళ అది అందదు. బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపే అవకాశం ఉంటే, పని పూర్తయ్యేదాకా ఆపి ఉంచడం ఇంకా మంచిది.

తరువాత కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయాలి. అది ఆన్‌లో ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో భద్రపరచి నిద్రలోకి వెళుతుంది. ఆ దశలో డెబియన్ నుంచి విండోస్ పార్టిషన్‌లో, అంటే డిస్కులో దానికి కేటాయించిన భాగంలో, ఏదైనా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక డెబియన్‌కు చోటు కల్పించాలి. స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సి డ్రైవ్‌ను ఎంచుకుని ష్రింక్ వాల్యూమ్ నొక్కాలి. 100 జీబీ కావాలంటే 102400 అని ఎంబీలలో ఇవ్వాలి. డ్రైవ్‌లో 300 జీబీ ఖాళీగా ఉన్నా 20 జీబీకి మించి కుదించనివ్వకపోతే, కదపరాని ఫైళ్లు డ్రైవ్ చివరి భాగంలో ఉన్నాయని అర్థం. హైబర్నేషన్‌ను, పేజ్ ఫైల్‌ను, సిస్టమ్ రిస్టోర్‌ను తాత్కాలికంగా ఆపి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే సాధారణంగా దారి దొరుకుతుంది. వచ్చిన ఖాళీని అలాగే వదిలేయాలి. దాన్ని డి డ్రైవ్‌గానో ఇ డ్రైవ్‌గానో ఫార్మాట్ చేస్తే ఇన్‌స్టాలర్‌కు అది ఖాళీ చోటుగా కనిపించదు.

పెన్‌డ్రైవ్ తయారీ

డెబియన్ అధికారిక సైట్ నుంచి నెట్‌ఇన్‌స్ట్ అనే ఐఎస్‌ఓ ఫైలును, అంటే ఇన్‌స్టాలర్ డిస్కు ప్రతిని, దించుకోవాలి. దాని పరిమాణం 1 జీబీ లోపే ఉంటుంది. ఫైలు పేరులో ఏఎండీ64 అని ఉన్నా అది ఇంటెల్ ప్రాసెసర్లకూ వర్తిస్తుంది. 32 బిట్ పీసీలకు మాత్రం డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ లేదు. దించుకున్న ఫైలు పాడవలేదని తేల్చే చెక్‌సమ్ అనే సంఖ్యను పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశంతో ఎస్‌హెచ్‌ఏ512 పద్ధతిలో లెక్కగట్టి, సైట్‌లో ఇచ్చినదానితో పోల్చి చూడాలి. ఆ తరువాత రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయాలి. ఏ పద్ధతిలో రాయాలని రూఫస్ అడిగితే డీడీ పద్ధతిని ఎంచుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా పోతుంది.

వైఫై పనిచేయదేమోనన్న భయం ఇప్పుడు చాలావరకు తీరింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను (వైఫై వంటి పరికరాలు పనిచేయడానికి కావలసిన ప్రోగ్రామ్‌ను) కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి నిర్ణయించారు. డెబియన్ 12 నుంచి అది అమలవుతోంది. అప్పటికీ వైఫై దొరకకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. ఇన్‌స్టాలర్ దాన్ని వైరుతో వచ్చిన నెట్‌వర్క్‌గానే చూస్తుంది.

బూట్ చేయడం

డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ కీ సాధారణంగా బూట్ మెనూను తెరుస్తాయి. కీ ఏదో తెలియకపోతే విండోస్‌లోనే షిఫ్ట్ నొక్కి ఉంచి రీస్టార్ట్ ఎంచుకుని, వచ్చే తెరలో యూజ్ ఎ డివైస్ అనే చోట పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవచ్చు. సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపాలన్న సలహా ఇప్పటికీ చాలాచోట్ల వినిపిస్తుంది. డెబియన్ 10 నుంచి దానికి మద్దతు ఉంది కాబట్టి ఆపనవసరం లేదు.

పెన్‌డ్రైవ్ నుంచి వచ్చే మొదటి మెనూ శీర్షికలో కొత్త బూట్ పద్ధతి పేరైన యూఈఎఫ్ఐ అనే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే కంప్యూటర్ పాత బయోస్ పద్ధతిలో బూట్ అయిందన్నమాట. విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలోనూ డెబియన్ బయోస్ పద్ధతిలోనూ ఉంటే రెండూ ఒకే మెనూలోకి రావు. వెనక్కి వెళ్లి, బూట్ మెనూలో యూఈఎఫ్ఐ అని ముందు రాసి ఉన్న పెన్‌డ్రైవ్ వరుసను ఎంచుకోవాలి.

గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటే భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌లో కనిపించదు. అయినా మొదటిసారి చేసేవారు ఇంగ్లీషులోనే కానివ్వడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఏదైనా దోషసందేశం వస్తే దాన్ని యథాతథంగా వెతికి పరిష్కారం కనుక్కోవచ్చు. డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తరువాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దేశం ఇండియా, కీబోర్డు అమెరికన్ ఇంగ్లీష్, డొమైన్ పేరు ఖాళీ. రూట్ అనే నిర్వాహక యూజర్ పాస్‌వర్డ్‌ను కూడా ఖాళీగా వదిలేస్తే, తరువాత మీరు సృష్టించే మొదటి యూజర్‌కే సుడో అధికారం, అంటే సిస్టమ్‌ను మార్చే హక్కు, వస్తుంది; ఇంటి కంప్యూటర్‌కు అదే సౌకర్యం.

డిస్కును పంచే తెర

ఇక్కడ గైడెడ్ అని మొదలయ్యే ఎంపికలు పైన, మాన్యువల్ చివరన ఉంటాయి. మొత్తం డిస్కును వాడుకొమ్మనే ఎంపికను ఖాయం చేస్తే విండోస్ పోయినట్టే. ఖాళీ చోటును మాత్రమే వాడుకొమ్మనే గైడెడ్ ఎంపిక కూడా కనిపిస్తుంది, అది సాధారణంగా సరిగానే పనిచేస్తుంది. కాని అది ఏ పార్టిషన్‌కు ఎంత చోటు ఇస్తుందో మన చేతిలో ఉండదు, పైగా తన డిస్కులో ఏముందో తెలియకుండానే ఈ తెర దాటిపోయినవారికి రేపు సమస్య వస్తే ఎక్కడ చూడాలో కూడా తెలియదు. మాన్యువల్‌నే ఎంచుకోండి.

వచ్చే పట్టికను వెంటనే ముట్టుకోకుండా ఒకసారి పూర్తిగా చదవాలి. సర్వే నంబరు సరిచూసుకోకుండా హద్దురాయి పాతినవాడి గతే లేకపోతే మనకూ పడుతుంది. ఎన్‌వీఎంఈ అనే పేరుతో మొదలయ్యేది లోపలి ఎస్ఎస్‌డీ. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు పెన్‌డ్రైవ్‌వి కావచ్చు, సాటా డిస్కువి కూడా కావచ్చు కనుక పరిమాణాన్ని బట్టి పోల్చుకోవాలి. విండోస్ 1024తో లెక్కగడుతుంది, డెబియన్ ఇన్‌స్టాలర్ 1000తో లెక్కగడుతుంది. అందువల్ల మీరు కుదించిన 100 జీబీ ఇక్కడ 107.4 జీబీగా, విండోస్ 100 ఎంబీగా చూపించిన, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ 104.9 ఎంబీగా, మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్ అనే 16 ఎంబీ ముక్క 16.8 ఎంబీగా కనిపిస్తాయి. వీటితోపాటు ఎన్‌టీఎఫ్ఎస్ అని రాసి ఉన్న పెద్ద పార్టిషన్ సి డ్రైవ్. కొన్ని వందల ఎంబీలుండే ఇంకొకటి విండోస్ రికవరీ. ఈ నాలుగింటిలో దేన్నీ చెరపకూడదు, ఫార్మాట్ చేయకూడదు.

అసలు డిస్కే పట్టికలో లేకపోతే కంగారు పడనక్కర్లేదు. బయోస్ సెట్టింగుల్లో స్టోరేజ్ పద్ధతి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీగానో రెయిడ్‌గానో ఉండవచ్చు, దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. అయితే నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాదు. ముందుగా విండోస్‌లో ఎంఎస్ కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ పెట్టి, రీస్టార్ట్ చేసి బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చి, విండోస్‌ను ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ తరువాత సేఫ్ బూట్‌ను తీసేయాలి.

పట్టిక అర్థమయ్యాక పని సులువే. ఫ్రీ స్పేస్ అనే వరుసపై ఎంటర్ నొక్కి కొత్త పార్టిషన్ సృష్టించమనాలి. పరిమాణం 40 జీబీ, స్థానం ఖాళీ చోటు మొదట్లో, యూజ్ యాజ్ దగ్గర లైనక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4, మౌంట్ పాయింట్ దగ్గర ఏటవాలు గీత ఒక్కటే, అంటే రూట్, ఫైళ్లన్నిటికీ మొదలు. సాధారణ వాడకానికి ఆ 40 జీబీ చాలు. రెండోది 8 జీబీ, స్వాప్ ఏరియాగా, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే చోటుగా. కంప్యూటర్‌ను హైబర్నేట్ చేసే అలవాటుంటే దీన్ని ర్యామ్ పరిమాణానికి తగ్గకుండా పెంచుకోవాలి. మిగిలిన 59 జీబీల పైచిలుకు చోటును ఈఎక్స్‌టీ4గా, మౌంట్ పాయింట్ మీ ఫైళ్లుండే హోమ్‌గా పెట్టాలి. హోమ్‌ను వేరుచేయడం తప్పనిసరి కాదు. కాని రేపు డెబియన్‌ను మొదటినుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి వస్తే హోమ్‌ను ఫార్మాట్ చేయకుండా అదే మౌంట్ పాయింట్ ఇచ్చి మీ ఫైళ్లను యథాతథంగా నిలుపుకోవచ్చు.

ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మాత్రం కొత్తగా సృష్టించకూడదు. విండోస్ వాడుతున్న దాన్నే డెబియన్ పంచుకుంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ పక్కన డెబియన్ అనే మరో ఫోల్డర్ చేరుతుంది, అంతే. ఆ వరుసను తెరిచి, ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్‌గా వాడమని ఉందని, ఫార్మాట్ చేయమని లేదని నిర్ధారించుకోండి. పట్టికలో ఎఫ్ అక్షరం ఉన్న పార్టిషన్ ఫార్మాట్ అవుతుంది, కె అక్షరం ఉన్నది అలాగే నిలుస్తుంది. డిస్కు మొత్తం ఖాళీ అయి, విండోస్ అక్కర్లేని సందర్భంలోనే జీపీటీ అనే కొత్త తరహా పార్టిషన్ పట్టిక వేసి 512 ఎంబీ నుంచి 1 జీబీ దాకా కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్ చేసుకోవాలి.

ఫినిష్ పార్టిషనింగ్ నొక్కాక, మార్పులను డిస్కులో రాయాలా అని ఇన్‌స్టాలర్ అడుగుతూ ఫార్మాట్ కాబోయేవాటి జాబితా చూపిస్తుంది. ఆ జాబితాలో మీరు సృష్టించిన మూడు మాత్రమే ఉండాలి. నాలుగోది కనబడితే నో చెప్పి వెనక్కి వెళ్లి, అన్‌డూ ఎంచుకుని మళ్లీ మొదలుపెట్టండి. ఎస్ చెప్పేదాకా డిస్కులో ఏదీ మారదు. ఎన్‌క్రిప్షన్‌నో, డిస్కు చోటును కలిపి పంచే ఎల్‌వీఎంనో అమర్చినప్పుడు, ఉన్న పార్టిషన్ సైజును ఇన్‌స్టాలర్‌తోనే మార్చినప్పుడు మాత్రం మార్పులు అప్పటికప్పుడే జరిగిపోతాయి.

ఆ తరువాత

ప్యాకేజీలు దించుకునే సర్వర్, అంటే మిర్రర్, ఏదని అడిగినప్పుడు జాబితాలో పైన కనిపించే డెబియన్ సామాన్య చిరునామాను ఒప్పుకుంటే చాలు. తెర రూపాన్ని నిర్ణయించే డెస్క్‌టాప్ ఎంపికల్లో 8 జీబీ ర్యామ్ ఉన్నవారు గ్నోమ్ గాని కేడీఈ గాని, 4 జీబీ ఉన్నవారు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకోవడం మంచిది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకునే మెనూ చూపే బూట్ లోడర్ అయిన గ్రబ్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి దానంతటదే చేరుతుంది. రీస్టార్ట్ అయ్యాక గ్రబ్ మెనూలో విండోస్ లేకపోతే అది చెరిగిపోయిందనుకోవద్దు. ఎఫ్12 వంటి కీతో వచ్చే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఉండనే ఉంటుంది. గ్రబ్ సెట్టింగుల ఫైలులో ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్ ప్రస్తావన ఉన్న వరుస ముందున్న హ్యాష్ గుర్తును తీసి, విలువ ఫాల్స్‌గా ఉందని చూసుకుని, సుడోతో అప్‌డేట్-గ్రబ్ నడిపితే అది మెనూలోకి వస్తుంది.

డెబియన్ వాడి విండోస్‌కు వెళ్లగానే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి జరిగి కనిపించవచ్చు. కంప్యూటర్‌లోని హార్డ్‌వేర్ గడియారాన్ని విండోస్ భారత కాలమానంగా, డెబియన్ అంతర్జాతీయ సమయంగా చదవడమే దీనికి కారణం. డెబియన్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశానికి సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని చేర్చి నడిపితే రెండూ ఒకే లెక్కకు వస్తాయి.

తెలుగు కోసం ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీని, ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసుకోవాలి. మొదటిదానితో పోతన, వేమన ఫాంట్లు సహా పలు తెలుగు ఫాంట్లు వస్తాయి. రెండోదానితో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డే కాక, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా వస్తుంది. ఒకసారి లాగవుట్ అయి తిరిగి వచ్చి, గ్నోమ్ సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ విభాగంలో ఇన్‌పుట్ సోర్స్‌లకు తెలుగును చేర్చుకుంటే, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి రెండు భాషల మధ్య మారవచ్చు.

ఇన్‌స్టాల్ అయిపోయింది కదా అని పెన్‌డ్రైవ్‌ను వెంటనే వేరే పనికి వాడుకోకండి. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒక్కోసారి బూట్ వరుసను మార్చి తనను ముందు పెట్టుకుంటుంది. అప్పుడు బయోస్‌లోకి వెళ్లి డెబియన్‌ను మళ్లీ పైకి తెచ్చుకుంటే సరిపోతుంది. అక్కడ డెబియన్ పేరే లేకపోతే, అదే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని రెస్క్యూ మోడ్ నుంచి గ్రబ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయవచ్చు.