భాషా పండితుడి సంస్మరణ సంచిక తేవడం ఎలా: గిడుగు ఉదాహరణగా

జయంతి రోజైన ఆగస్టు 29 దగ్గర పడుతుంటే గిడుగు వెంకట రామమూర్తి మీద ప్రత్యేక సంచికలు మొదలవుతాయి. చాలావాటిలో బిరుదులకు, దండ వేసిన ఫొటోకు దొరికిన చోటు సవర అనే గిరిజన భాష మీద ఆయన దశాబ్దాల పాటు చేసిన పనికి దొరకదు. భాషల కోసం బతికిన మనిషి సంచికలో ఆయన నేర్చిన భాష, అది మాట్లాడే జనం కనిపించాలి. పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.

డెమ్మీ 1/8 సైజులో 64 పేజీలు చాలు. అంటే పదహారేసి పేజీల ఫారాలు నాలుగు. పేజీలు 66కి పెరిగితే ఐదో ఫారం మొదలవుతుంది, దాన్ని నింపడానికి ప్రకటనలు, శుభాకాంక్షలు వచ్చి చేరతాయి. ఆగస్టులో కావాలంటే ఫిబ్రవరిలోనే కూర్చోవాలి.

మొదటి పని కాలక్రమ పట్టిక. నాలుగు గళ్లు గీయండి: సంవత్సరం, సంగతి, ఆధారం, అనుమానం. 1863 పర్వతాలపేటలో జననం, 1880 పర్లాకిమిడిలో ఉపాధ్యాయ వృత్తి, 1919 ‘తెలుగు’ పత్రిక, 1931 సవర మాన్యువల్, 1938 సవర–ఇంగ్లీషు నిఘంటువు, 1940 జనవరి 22 మరణం. ప్రతి దానికీ మూడో గడిలో పుస్తకం ముఖపత్రమో, ఆనాటి పత్రికో, ఉత్తరమో ఉండాలి. ఇంకో సంచికను ఆధారంగా రాయకండి, తప్పులు ఒక సంచిక నుంచి ఇంకో సంచికకు ఎక్కేది ఆ దారిలోనే. ఊరి పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది కాబట్టి జన్మస్థలానికి ముందు ‘ఇప్పటి’ అని చేర్చాలి. పర్లాకిమిడి 1936లో కొత్తగా ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లింది. ఈ ఒక్క సంగతి చెప్పకపోతే ఆయన చివరి ఏళ్ల కథే పాఠకుడికి అర్థం కాదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు భాష గురించే. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, ద్రావిడ భాష కాదు. దానికి గిడుగు లిపి సృష్టించారన్నది కూడా సరికాదు. ఆయన మొదట తెలుగు లిపిలో రాశారు, తర్వాత ధ్వనుల కోసం సవరించిన రోమన్ అక్షరాలు వాడారు. సోరంగ్ సోంపెంగ్ అనే లిపిని 1936లో తయారుచేసినవారు మంగేయి గొమాంగో. లేని ఘనత అంటగడితే ఉన్న ఘనత మరుగున పడుతుంది. చదువుల్లో, సర్కారు కచేరీల్లో ఎవరూ లెక్కచేయని భాషను దాన్ని మాట్లాడేవాళ్ల నోటినుంచే నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రెండూ రాయడం ఎంత పెద్ద పనో వివరంగా రాయండి. సంచికలో కనీసం ఒక ఫారం దీనికే ఇవ్వండి.

ఆ ఫారానికి సవర మాట్లాడే ఇద్దరు ముగ్గురి సాయం తప్పనిసరి. నిఘంటువులోంచి యాభై మాటలు ఎంచి వారికి వినిపించండి: ఇప్పటికీ వాడుతున్నారా, అర్థం మారిందా, పలికే తీరు వేరా? పేరు వేయవచ్చో లేదో ముందే అడగండి. పారితోషికం వ్యాసకర్తలతో సమానంగా ఇవ్వండి.

అచ్చులో ఈ మాటలే ముందు దెబ్బతింటాయి. గిడుగు రోమన్ రాతలో దీర్ఘాన్ని అక్షరం పక్కన రెండు చుక్కలతో చూపించారు. ప్రూఫ్ చూసేవారు వాటిని విరామచిహ్నాలనుకుని తీసేస్తారు. డీటీపీలో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు ధ్వని గుర్తులు చెల్లాచెదురవుతాయి. అందుకే సవర మాటలను మొదటినుంచీ యూనికోడ్‌లోనే కొట్టించి, చివరి ప్రూఫ్‌ను మూల పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చండి.

కుటుంబాల దగ్గర దొరికిన ఉత్తరాలను 400 డీపీఐలో, ఫొటోలను 600లో, రంగుల్లో స్కాన్ చేసి టిఫ్ ఫైళ్లుగా దాచండి. కవరును వదలకండి, ఉత్తరంలో తేదీ లేకపోతే పోస్టు ముద్రే దిక్కు. నంబర్లు వెనకవైపు మూలన మెత్తని పెన్సిల్‌తో వేయాలి. చిరుగులకు సెల్లోటేప్ అంటిస్తే కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి సిరాను లాగేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, వేడికి పాడైన కాగితాన్ని మళ్లీ బాగుచేయలేం. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి ఇటీవలి పండితులైతే ఉపన్యాసాల క్యాసెట్లు కూడా దొరకవచ్చు. ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి, అంటుకున్న పొరలు విడతాయి. రికార్డింగు 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా ఉండాలి. మోనోలో గంటకు 500 మెగాబైట్లకు కాస్త పైగా అవుతుంది.

హక్కుల సంగతి ముందే తేల్చుకోండి. మన దేశంలో రచయిత బతికుండగా వెలువడిన రచనపై హక్కు ఆయన మరణించిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు ఉంటుంది. కాబట్టి గిడుగు అలా వేసిన పుస్తకాలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. 2012లో మరణించిన కృష్ణమూర్తి పుస్తకాలకు 2072 చివరిదాకా అనుమతి కావాలి. అచ్చుకాని ఉత్తరాల లెక్క వేరు. కాగితం అందుకున్నవారిదే అయినా, అందులోని రాతపై హక్కు రాసినవారి వారసులది.

అచ్చయిన ముప్పై రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీలలోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలని 1954 చట్టం చెబుతోంది. మాటలు చెప్పిన సవర మిత్రులకూ, సీతంపేట వైపు బడులకూ సభ రోజుకన్నా ముందే ప్రతులు చేరేలా చూడండి.