కంప్యూటర్ పార్టు కొంటున్నారా? వారంటీ ఎవరిస్తారో బిల్లు కట్టే ముందే తేల్చుకోండి

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో ఏదో సెల్లర్ దగ్గర కొన్నా, పార్టు పాడయ్యాక ఎదురయ్యే తంటా ఒకటే. షాపులో అడిగితే ‘సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి’ అంటారు. అక్కడికి వెళ్తే ‘ఈ సీరియల్ నంబర్ మా లెక్కలో లేదు, కొన్నచోటే అడగండి’ అంటారు. చాలాసార్లు దీనికి మూలం ఆ పార్టు ఏ దారిలో షాపుకు చేరిందన్నదే. రాషి పెరిఫెరల్స్, రెడింగ్టన్ లాంటి డిస్ట్రిబ్యూటర్ల ద్వారా వస్తే ఇక్కడ వారంటీ దొరుకుతుంది. వేరే దేశం మార్కెట్‌కు ఉద్దేశించినదో, పీసీ కంపెనీలకు ఇచ్చిన ఓఈఎం సరుకో అయితే తయారీదారు నేరుగా పట్టించుకోకపోవచ్చు.

ప్రాసెసర్ల సంగతే చూడండి. సీల్డ్ బాక్సులో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్‌కు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇంటెలే ఇస్తుంది. డబ్బా లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్‌కు అమ్మినవాళ్లే పూచీ. ధర కాస్త తక్కువని ట్రేది తీసుకుంటే, ఆ షాపు మూడేళ్లూ తెరిచి ఉంటేనే మీకు వారంటీ ఉన్నట్టు.

హార్డ్ డిస్క్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డబ్బు ఇవ్వక ముందే లేబుల్ మీది సీరియల్ నంబర్‌ను సీగేట్ లేదా డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) వెబ్‌సైట్‌లోని వారంటీ పేజీలో కొట్టి చూడండి. గడువు తేదీ కనిపించకుండా, పీసీ తయారీదారునో అమ్మినవాళ్లనో సంప్రదించమని వస్తే అది ఓఈఎం సరుకే అనుకోవచ్చు. ఇంటికి తెచ్చాక, డిస్క్ పరిస్థితి చూపే సాఫ్ట్‌వేర్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ‘పవర్ ఆన్ అవర్స్’ (డిస్క్ నడిచిన గంటలు) చూడండి. కొత్తదానికి సున్నా దగ్గర్లో ఉండాలి. ఆ అంకెనూ పూర్తిగా నమ్మలేం. వేల గంటలు వాడేసిన సీగేట్ డిస్కులను కొందరు కొత్తవిగా అమ్మిన వ్యవహారం 2025 మొదట్లో యూరప్‌లో బయటపడింది. అక్కడ కనిపించే ఈ గంటల లెక్కను (స్మార్ట్) సున్నా చేసినా, డిస్క్‌లోని ఫార్మ్ అనే సీగేట్ సొంత లాగ్‌లో అసలు గంటలు అలాగే ఉన్నాయి. స్మార్ట్‌మాన్‌టూల్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో ఆ లాగ్ చదవొచ్చు.

బిల్లులో ‘కంప్యూటర్ పార్ట్స్ – 1’ అని రాస్తే ఒప్పుకోకండి. మోడల్, సీరియల్ నంబర్, షాపు జీఎస్టీ నంబర్, వారంటీ కాలం, అది ఎవరిస్తారన్నదీ ఉండాలి. ఇంటికి కొంటున్నప్పుడు బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. వ్యాపారానికి కొన్నట్టు కనిపిస్తే వినియోగదారుల కమిషన్‌లో అడ్డంకి రావచ్చు. డబ్బా మీది దిగుమతిదారు స్టిక్కర్‌ను ఫోటో తీసుకోండి. కస్టమర్ కేర్ నంబర్ దాని మీదే ఉంటుంది.

మదర్‌బోర్డు కొంటే ప్రాసెసర్ పెట్టక ముందే, షాపులోనే, అది కూర్చునే సాకెట్‌ను దగ్గర నుంచి ఫోటో తీయండి. ఎల్‌జీఏ 1700 (ఇంటెల్), ఏఎం5 (ఏఎండీ) సాకెట్లు రెండింటిలోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ఒక్క పిన్ను వంగినా ‘ఫిజికల్ డ్యామేజ్’ అని రాసి బోర్డు వెనక్కి పంపేస్తారు. ప్లాస్టిక్ సాకెట్ కవర్ పారేయకండి. బోర్డు సర్వీసుకు ఇచ్చేటప్పుడు అది బిగించే ఇవ్వాలి.

పాడైతే ఫోన్‌తో సరిపెట్టకుండా షాపుకూ, దిగుమతిదారుకూ ఒకే ఈమెయిల్ పంపండి. బిల్లు, సీరియల్ నంబర్ ఫోటో, మీరు చేసిన పరీక్ష ఫలితం జతచేయండి. ర్యామ్ అయితే ఒక్కో స్టిక్‌ను ఒకే స్లాట్‌లో విడివిడిగా పెట్టి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్ నడపండి. ఏ స్టిక్‌లో ఎర్రర్లు వచ్చాయో స్క్రీన్ ఫోటోతో చూపిస్తే ‘మా దగ్గర బాగానే పనిచేస్తోంది’ అనడం కష్టం. పార్టు అప్పగించేటప్పుడు తేదీ, సీరియల్ నంబర్, పార్టు పరిస్థితి రాసిన రసీదు తప్పక తీసుకోండి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆపైన ఈ-జాగృతి పోర్టల్‌లో, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపయితే ఫీజు లేదు.

బదులు పార్టు చేతికొచ్చాక దాని కొత్త సీరియల్ నంబర్‌ను పాత బిల్లు మీద రాయించి, షాపు ముద్ర వేయించుకోండి. ఇది చేయకపోతే రెండోసారి పాడైనప్పుడు బిల్లుకూ పార్టుకూ పొంతన ఉండదు.