పలుచని జుట్టుకు నిండైన జడ – 3వ పాఠం: సవరం కలపడం

పాపిడిని కాస్త వంకరగా తీసి మాడు కనపడకుండా చేయడం, నడినెత్తిన జుట్టుకు ఎత్తు తేవడం గత పాఠంలో నేర్చుకున్నాం. పైభాగం అలా నిండుగా కుదిరినా, జడ అల్లేసరికి నాలుగు అల్లికలకే ఎలుకతోకలా సన్నబడిపోతుంది. దానికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయం సవరం, అంటే జడలో కలిపి అల్లే విడి జుట్టుపాయలు.

సవరం కలపడాన్ని దాచుకోవలసిన విషయంగా చూడకండి. కూచిపూడిలో సత్యభామ తెర మీదుగా వేసే ఆ పొడవాటి జడను చూసి మురిసిపోని వారుండరు. నాట్యం చేసేవారు ఎంత ఒత్తైన జుట్టున్నా సవరం పెట్టుకుంటూనే ఉంటారు.

ఎంపికలోనే ఎక్కువమంది తప్పుదారి పడతారు. జుట్టు పలుచన కాబట్టి లావుపాటి సవరం కావాలనుకుంటారు. మీ జుట్టు అయిపోయి సవరం ఒక్కటే మిగిలే చోట జడ లావు మారిపోతే అతుకు ఎవరికైనా తెలుస్తుంది. పైగా ఆ బరువంతా మెడ దగ్గరి కొద్దిపాటి వెంట్రుకలే మోయాలి. రోజూ అలా లాగుతుంటే కుదుళ్లు దెబ్బతిని జుట్టు ఊడుతుంది. ఏళ్ల తరబడి సాగితే అక్కడ మళ్లీ మొలవకపోవచ్చు. అందుకే సవరంలోని ఒక్కో పాయ మీ జడపాయ కంటే సన్నగా ఉండాలి. నైలాను సవరం చవక, కానీ దాని మెరుపు ఎండలో తేడా పట్టిస్తుంది. అసలు జుట్టుతో చేసినది ఖరీదైనా జడలో కలిసిపోతుంది. రంగును దుకాణం దీపాల కింద నిర్ణయించకండి. వెలుతురులోకి వచ్చి మీ జుట్టు కొసల పక్కన పెట్టి చూడండి, ఎందుకంటే సవరం కలిసేది కొసలతోనే.

తలస్నానం ముందురోజే చేయండి. అప్పుడే కడిగిన సన్నని జుట్టు వేళ్లలోంచి జారిపోతుంది. జడ వేసే రోజు నూనె వద్దు. వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని జుట్టు ఉన్నదానికంటే పలుచగా కనిపిస్తుంది.

చిక్కు తీసి జుట్టంతా వెనక్కి దువ్వండి. మెడకు కాస్త పైన, లోపలి పొరలోంచి వేలెడు లావు జుట్టు తీసి, రెండంగుళాల చిన్న జడ అల్లి సన్నని రబ్బరుబ్యాండు వేయండి. సవరం పైకొస దగ్గరున్న దారపు ఉచ్చులోకి దీన్ని దూర్చి, ఉచ్చును పైకి జరిపి, రెండు పిన్నులు ఒకదానికొకటి అడ్డంగా పెట్టండి. సవరాన్ని మోసేది ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

ఇప్పుడు మిగతా జుట్టును దాని మీదుగా దింపి మూడు పాయలు చేయండి. ఒక్కో పాయ కింద సవరంలోని ఒక్కో పాయను చేర్చండి. మీ జుట్టు పైకి, సవరం లోపలికి ఉండాలి. మొదటి రెండు అల్లికలు వదులుగా వేసి, ఆ తర్వాత బిగువు పెంచండి. మనకు అలవాటైన పద్ధతికి ఇది తిరగబడి ఉంటుంది గానీ, పైన బిగిస్తే జుట్టు తలకు అతుక్కుపోతుంది, కుదుళ్లూ నొస్తాయి. సగం దాటాక మీ కొసలు బయటికి పొడుచుకు వస్తాయి. వేళ్లు తడి చేసుకుని వాటిని సవరం పాయలో కలుపుకుంటూ అల్లండి.

చివర కట్టాక, జడ కొసను ఒక చేత్తో పట్టుకుని, కింది నుంచి పైకి ఒక్కో అల్లిక అంచును రవ్వంత బయటికి లాగండి. జడ వెడల్పు అప్పుడు చూడండి! పలుచని జుట్టుకు ఇంత మేలు చేసే పని మరొకటి లేదని నా నమ్మకం.

తల అటూ ఇటూ తిప్పి చూడండి. ఏ ఒక్కచోటైనా లాగినట్టుంటే విప్పి మళ్లీ వేయండి. రాత్రి పడుకునే ముందు సవరం తీసేయాలి, తలస్నానానికి ముందు కూడా, తడిస్తే బరువెక్కుతుంది. అసలు జుట్టు సవరాన్ని తేలికపాటి షాంపూతో కడిగి నీడన ఆరబెట్టండి.

వచ్చే పాఠంలో ఈ జడకు కుచ్చులు, పూలు బరువు పడకుండా ఎలా అమర్చాలో చూద్దాం. ఈలోగా అద్దం చూడకుండా చేతి స్పర్శతోనే మూడు పాయలు సమంగా తీయడం అలవాటు చేసుకోండి.