కల్వర్స్ కస్టర్డ్, బటర్ బర్గర్ ఇంట్లో చేసుకునే పద్ధతి

మొదలుపెట్టే ముందే చెప్పేస్తున్నాను: ఐస్‌క్రీమ్‌లా ఉండే ఫ్రోజెన్ కస్టర్డ్‌లో గుడ్డు ఉంటుంది. ఈ ముక్క తెలీక నేను పడ్డ టెన్షన్ మీకు వద్దు.

మా అత్తయ్యగారు తణుకు నుంచి మొదటిసారి అమెరికాలో మేముండే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ వచ్చినప్పుడు సాక్ సిటీ చూపిద్దామని తీసుకెళ్లాను. విస్కాన్సిన్ నది ఒడ్డున చిన్న ఊరు, మా ఇంటికి అరగంట పైచిలుకు దూరం. కల్వర్స్ అనే నీలం కప్పు హోటళ్లు పుట్టింది ఆ ఊళ్లోనే, 1984 జూలై 18న. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు కాబట్టి బర్గర్ జోలికి పోకుండా ఒక కప్పు వెనిలా కస్టర్డ్ ఇప్పించాను. "ఇదేం ఐస్‌క్రీమే అమ్మాయ్, జున్ను తిన్నట్టుంది" అంటూ కప్పు అడుగు దాకా తినేశారు. ఇంటికొచ్చాక మా పాప తాపీగా, "అందులో ఎగ్ ఉంటుంది నానమ్మా" అంది.

"నీకు తెలుసా?" అని ఒక్క మాటే అడిగారు అత్తయ్యగారు. నిజంగా తెలీదు. మనకి కస్టర్డ్ అంటే డబ్బాలో పొడి, అరటిపండు ముక్కలు, దానిమ్మ గింజలు. ఆ పొడి దాదాపు అంతా మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్, అమెరికాలో కార్న్‌స్టార్చ్ అంటారు). భార్యకు గుడ్డు పడదని ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ 1837లో గుడ్డు లేకుండా కనిపెట్టిన సరుకు అది. అమెరికాలో లెక్క తిరగబడుతుంది. పాల కొవ్వు 10 శాతం, పచ్చసొన ఘనపదార్థం 1.4 శాతం అయినా లేకపోతే ఫ్రోజెన్ కస్టర్డ్ అని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు.

ఇక పని. అర లీటరు చిక్కటి పాలు, పావు లీటరు హెవీ క్రీమ్, ఆరు పచ్చసొనలు, 130 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, ఒక చెంచా వెనిలా ఎసెన్స్. హెవీ క్రీమ్‌లో 36 శాతం కొవ్వు ఉంటుంది. ఇండియాలో ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతమే కాబట్టి అక్కడైతే క్రీమ్ 350 మిల్లీలీటర్లు, ఫుల్ క్రీమ్ పాలు 400 మిల్లీలీటర్లు తీసుకోండి. పది శాతం దాటుతుంది.

పాలు, క్రీమ్, సగం పంచదార కలిపి పొగలొచ్చేదాకా వేడిచేయండి, పొంగనివ్వొద్దు. మిగతా పంచదార, ఉప్పు సొనల్లో వేసి రంగు తేలేదాకా గిలక్కొట్టండి. ఇప్పుడు ఆ సొనల్లోకి వేడిపాలు గరిటెడు గరిటెడు పోస్తూ కలపాలి. సొనలే తీసుకెళ్లి పాలల్లో గుమ్మరించారో, తీపి ఎగ్ బుర్జీ తయారవుతుంది. మొదటిసారి నాకు అదే అయ్యింది.

అంతా మళ్లీ పొయ్యి మీద పెట్టి, సన్నని సెగ మీద గరిటె ఆపకుండా తిప్పండి. థర్మామీటర్ ఉంటే 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించేయండి. లేకపోతే గరిటె వెనక వేలితో గీత గీయండి, గీత చెదరకుండా నిలిస్తే అయినట్టే. ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అనుకుంటే విరిగిన పాలలా రవ్వరవ్వగా అయిపోతుంది. వడకట్టి, వెనిలా కలిపి, గిన్నెని ఐసు నీళ్లలో పెట్టి చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

ఇంత శ్రమ ఎందుకంటే సొన పాలనీ కొవ్వునీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది, త్వరగా కరగనివ్వదు. 1919లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్ బీచ్‌లో ఐస్‌క్రీమ్ అమ్మిన కోర్ సోదరులు సొన కలిపింది అందుకే. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో అమ్మాక ఈ వైపు రాష్ట్రాలకి పాకింది. పాడికి పేరుపడ్డ విస్కాన్సిన్ దాన్ని వదల్లేదు.

మర్నాడు ఐస్‌క్రీమ్ మెషీన్‌లో పోసి తక్కువ వేగంలో తిప్పండి. కస్టర్డ్‌లో గాలి తక్కువ ఉండాలి, జున్నులా అనిపించేది అందుకే. మామూలు ఐస్‌క్రీమ్‌లో సగం దాకా గాలే ఉండొచ్చు. మెత్తగా, గరిటె నుంచి బరువుగా జారుతున్నప్పుడే కప్పుల్లో వేసి తినేయండి. మైనస్ 8 డిగ్రీల దగ్గర దాని రుచి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18, అందులో రాత్రంతా పెడితే రాయి. హోటల్లో కూడా రోజులో ఎన్నోసార్లు కొంచెం కొంచెంగా చేస్తూనే ఉంటారు.

బర్గర్ దగ్గరికి వస్తే, బటర్ బర్గర్ అనగానే మాంసంలో వెన్న ఉంటుందనుకుంటారు. ఉండదు. బన్ను పైబద్ద లోపలివైపు వెన్న రాసి పెనం మీద కాలుస్తారు, అంతే. కల్వర్స్ పెట్టినవాళ్లలో ఒకడైన క్రెయిగ్ కల్వర్ వాళ్లమ్మ రూత్ ఇంట్లో చేసే పద్ధతట. వెన్న గదిలో పెట్టి మెత్తబడ్డాకే రాయండి, ఫ్రిజ్‌లోంచి తీసింది రాస్తే బన్ను చిరుగుతుంది.

అక్కడ ప్యాటీ, అంటే బన్ను మధ్య పెట్టే మాంసం బిళ్ల, గొడ్డు మాంసంతో చేస్తారు. మా ఇంట్లో వండం కాబట్టి మటన్ ఖీమా వాడతాను. కొట్టువాడితో కొంచెం కొవ్వు కలిపి కొట్టించండి, ఉత్త ఖీమా ఎండిపోతుంది. ఉల్లి, అల్లం, శనగపిండి వేయకండి, అది కబాబ్ అవుతుంది. ఉండ చేసి, బాగా కాగిన పెనం మీద వేసి మొదటి అర నిమిషంలోనే గట్టిగా నొక్కేయండి, తర్వాత ముట్టుకోవద్దు. ఉప్పు పైన మాత్రమే. అంచులు కరకరలాడుతుంటే తిప్పి, లోపల ఎరుపు లేకుండా కాల్చండి.

ఈ కల్వర్ కుటుంబం దారి తిన్నగా సాగిందేమీ కాదు. రూత్, ఆమె భర్త జార్జ్ 1961లో సాక్ సిటీలో రూట్ బీర్ అనే మత్తులేని కూల్‌డ్రింక్ అమ్మే ఏ అండ్ డబ్ల్యూ హోటల్ కొన్నారు, 1968లో అమ్మేశారు, 1976లో మళ్లీ అదే కొన్నారు! మధ్యలో డెవిల్స్ లేక్ దగ్గర ఒక రిసార్ట్ నడిపారు. క్రెయిగ్ కొన్నాళ్లు మెక్‌డొనాల్డ్స్‌లో మేనేజర్‌గా పనిచేశాడు. 1984లో క్రెయిగ్, భార్య లీ, అమ్మానాన్నలు కలిసి ఆ పాత హోటల్‌నే కల్వర్స్‌గా మార్చారు. 1987లో రిచ్‌లండ్ సెంటర్‌లో ఇచ్చిన మొదటి ఫ్రాంచైజీ మూతపడింది, 1990లో బారబూలో ఇచ్చింది నిలబడింది. 2017లో కొంత వాటా బయటి పెట్టుబడి సంస్థకి అమ్మినా పెద్ద వాటా కుటుంబం దగ్గరే ఉంచుకున్నారు.

అత్తయ్యగారి కోసం వేరే గిన్నెలో చేస్తాను. పాలు, క్రీమ్, పంచదార అవే కొలతలు, సొనల బదులు రెండు పెద్ద చెంచాల మొక్కజొన్న పిండి చల్లటి పాలలో కలిపి పోసి చిక్కబడేదాకా ఉడికించాలి. రుచి అంత రాదు, కానీ ఆవిడ రెండు కప్పులు తింటారు. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్లుంటే ఇదే ముందు చేయండి, మెషీన్‌లో ముందు ఇదే తిప్పండి, గరిటె కూడా వేరేది వాడండి.